బిట్రగుంట వేట బిడారాలు

ఇవాళ బిట్రగుంటలో బండి దిగేవాళ్లు తక్కువ. దిగినవాళ్లకు కూడా ఈ ఊరు ఒకప్పుడు ఎట్లా ఉండేదో ఊహకందదు. నెల్లూరు నుంచి కావలి వైపు పోతుంటే పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్డు దాటాక వచ్చే స్టేషను ఇది. 1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలుదారి కలిశాక, ఇంజన్లు బొగ్గూ నీళ్లూ పట్టుకోవడానికీ, డ్రైవర్లూ గార్డులూ మారడానికీ ఈ చోటు కుదిరింది. గుండ్రంగా కట్టిన లోకో షెడ్డు, నడుమ ఇంజన్ని తిప్పే టర్న్ టేబులు, బొగ్గు గుట్టలు, నీళ్ల ట్యాంకులు, వరసగా క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూటు, చర్చి. రాత్రీ పగలూ తేడా లేని ఊరు. అర్ధరాత్రి కాల్ బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఆ వెంటనే నాన్న లేచి ముఖం కడుక్కుని షెడ్డుకు బయల్దేరేవాడు. ఆయన అప్పట్లో ఫైర్‌మన్.

ఈ ఊరి గురించి తలుచుకునేవాళ్లు ఇంజన్ల గురించీ, ఆంగ్లో ఇండియన్ల క్రిస్మస్ డాన్సుల గురించీ చెబుతారు. నాకు వాటికన్నా గట్టిగా గుర్తున్నవి వేట బిడారాలు. దసరా దాటి చలి మొదలయ్యాక, సంక్రాంతి లోపల, సెలవు దొరికిన నలుగురైదుగురు కలిసి వెలిగొండల కిందికి పోయి వారం పది రోజులు గుడారం వేసుకుని ఉండేవాళ్లు. 1960ల మాట ఇది. వేట తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా మిగిలి ఉన్నారో లేదో తెలియదు గానీ, ఆ జీవితం మాత్రం మళ్లీ రాదు. అందుకే రాస్తున్నాను.

రైల్వే వాళ్లకు తుపాకులు ఎక్కడివి అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. దానికి కారణం ఉంది. ఇంగ్లీషు వాళ్ల కాలంలో రైలు నడిపే ఆంగ్లో ఇండియన్లకు ఆగ్జిలరీ ఫోర్సులో శిక్షణ ఉండేది. మా లైను మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీది కాబట్టి, దాని పేరుతోనే రైల్వే రైఫిల్స్ అనే దళం ఉండేది. అందులో వారంవారం కవాతు, గురి చూసి కాల్చడం నేర్పేవాళ్లు. 1947తో ఆ దళం పోయింది, గురి మాత్రం చేతుల్లో మిగిలింది. 1951లో కంపెనీ లైను సదరన్ రైల్వేలో కలిసింది, 1966లో మా వైపు సౌత్ సెంట్రల్ రైల్వే అయింది. పైన బోర్డులు మారుతున్నా, క్వార్టర్లలో గోడకు వేలాడే పన్నెండు బోరు తుపాకి మాత్రం అక్కడే ఉండేది.

నాన్న ఫైర్‌మన్‌గా ఎక్కిన ఇంజన్‌కు డ్రైవరు ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. నాన్న ఆయన్ని "సార్" అనేవాడు, షెడ్డులో అందరూ "దొర" అనేవాళ్లు. తెలుగు బాగా మాట్లాడేవాడు, అయితే అది ఖలాసీల దగ్గర నేర్చిన తెలుగు, ఆడవాళ్ల ముందు మాట్లాడదగింది కాదు. అమ్మ ఎదురుపడితే ఇంగ్లీషులోకి మారిపోయేవాడు. నన్ను బిడారానికి తీసుకుపోవడానికి నాన్న ఒప్పుకున్నది ఆయన మాట మీదనే.

తూర్పు వైపు వేట గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అల్లూరు వైపు చెరువులు, ఇస్కపల్లి ఉప్పుకయ్యలు, బకింగ్‌హాం కాలువ పక్క బురద నేలలు. చలికాలంలో పరజలు, సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు దిగేవి. తెల్లవారుజామున సైకిళ్ల మీద పోయి, పొద్దెక్కేసరికి తిరిగొచ్చి, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేవాళ్లు. అది వేట అనడం కన్నా కూర తెచ్చుకోవడం అనాలి. పడమటి వైపు వేట వేరు. దానికి మనిషి ఇల్లు వదలాలి.

నెల్లూరు అటవీ కార్యాలయం నుంచి లైసెన్సు కాగితం వచ్చిన రోజు నుంచి హడావుడి మొదలయ్యేది. సామాను సర్దడానికి డ్రైవర్ల లైన్ బాక్సులే ఆధారం. లైన్ బాక్సు అంటే డ్యూటీకి పోయేటప్పుడు డ్రైవరు, గార్డు వెంట ఉండే రేకు పెట్టె. జెండాలు, పటాసులు, లాంతరు, పుస్తకాలు, అన్నం క్యారియర్ అన్నీ అందులోనే. సెలవు పెట్టాక అదే పెట్టెలో జెండాల చోట ఉప్పు, కారం, పసుపు, చింతపండు పొట్లాలు చేరేవి. తూటాలు మద్రాసు మౌంట్ రోడ్డు నుంచి తెప్పించినవి. వాటి మీద చెమ్మ తగలకుండా నాన్న గుడ్డకు మైనం రుద్ది చుట్టేవాడు. టార్పాలిన్, గోనెసంచులు, రెండు హరికేన్ లాంతర్లు, ఒక పెద్ద డేగిసా, బొగ్గు వేసే పార ఒకటి. కొత్తది కాదు, షెడ్డులో పనికిరాదని వేలంలో అమ్మినది. ఆ పార గురించి తర్వాత చెబుతాను.

కావలి దాకా రైలు, అక్కడి నుంచి ఉదయగిరి బస్సు. ఉదయగిరి దుర్గం కనపడ్డ తర్వాత గాలే మారుతుంది. తీరం ఉక్క పోయి, ఎండిన గడ్డి వాసన వస్తుంది. సీతారామపురం వైపు కొంత దూరం పోయాక ఎడ్లబండి. బండి మాట్లాడేదీ, ఎక్కడ దిగాలో చెప్పేదీ మా వెంట వచ్చిన యానాది తాత. బోగోలు దగ్గర చేల గట్టున గుడిసె ఆయనది. పొలం ఎలుకలు పట్టడం, కాలువలో చేపలు, పీతలు పట్టడం, రాత్రిపూట చేలకు కాపలా. వెలిగొండ కింద ఒక పల్లెలో ఆయన వియ్యంకుడు ఉండేవాడు. కాబట్టి ఆ అడవి ఆయనకు కొత్త కాదు. అవ్వ కూడా వచ్చేది. బిడారంలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే.

గుడారం ఎక్కడ వెయ్యాలి అన్నది దొర తేల్చే విషయమని నేను అనుకునేవాణ్ని. కాదు. దొర సామాను దించకుండా బండి దగ్గరే నిలబడేవాడు. తాత ఒక్కడే పోయి వాగు వెంట నడిచేవాడు. వాగులో పైకి నీళ్లు కనపడవు. ఆయన ఇసుకలో ఒక చోట కూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టి తోడేవాడు, ఇసుక రంగు ముదిరితే అక్కడే చెలమ. తర్వాత చుట్టూ చూసేవాడు. జంతువులు నీళ్లకు దిగే దారికి ఎడంగా ఉండాలి, గాలి మన మీదుగా ఆ దారికి పోకూడదు, పుట్టలు ఉండకూడదు, ఎండిన కొమ్మలున్న చెట్టు నెత్తిన ఉండకూడదు. ఇవన్నీ కుదిరిన చోట నేల మీద మడమతో గీత గీసేవాడు. ఆ గీత మీదే టార్పాలిన్ మొదటి గుంజ దిగేది.

తిండి సంగతి. పొద్దున్నే దొర తన చేత్తో వండేవాడు. పారను ఇసుకతో తోమి, నిప్పుల మీద ఎర్రగా కాల్చి, పక్కకు తీసి, కాస్త చల్లారాక నెయ్యి రాసి దాని మీదే గుడ్లు పగలగొట్టేవాడు. ఇంజన్ మీద డ్యూటీలో వాళ్లు చేసుకునే పలహారమే అది. ఫైర్‌బాక్సు తలుపు తెరిచి పారను లోపలికి చూపిస్తే చాలు, గుడ్లు క్షణంలో అయిపోతాయి. మధ్యాహ్నం నాన్న రాగిసంకటి కెలికేవాడు. ఎండు నెత్తళ్లు, ఉల్లికారం. రాత్రికి వేట ఉంటే మాంసం. లేకపోతే అవ్వ తవ్వి తెచ్చిన అడవిగడ్డలు ఉడకబెట్టుకుని, తాత దింపిన జుంటితేనెతో తినేవాళ్లం. మాంసం ఎక్కువైతే దొర దాన్ని పలచగా చీల్చి, మిరియాలు, కారం, వెనిగర్ పట్టించి తీగ మీద ఆరేసేవాడు. డింగ్ డింగ్ అనేవాళ్లు దాన్ని వాళ్లిళ్లలో. అవ్వ కూడా ఒరుగులు పెట్టేది, ఉప్పు, పసుపు మాత్రమే పూసి. రెండు తీగలూ పక్కపక్కనే ఉండేవి. నాకు అవ్వ తీగ మీదివే ఇష్టం.

పెద్దవాళ్లు మాటలు తక్కువగా మాట్లాడడం నేను మొదటిసారి చూసింది అక్కడే. తెల్లారకముందే బయల్దేరేవాళ్లం. ముందు తాత, తర్వాత దొర, ఆ తర్వాత నాన్న, నేను. తాత నడుముకు చిన్న గుడ్డమూట, అందులో పొయ్యి బూడిద. అప్పుడప్పుడూ ఆ మూటను వేలితో తట్టి, ఎగిరిన బూడిద ఎటు పోతుందో చూసి దారి మార్చేవాడు. ఒక చోట ఆగి కూర్చున్నాడు. నేల మీద గిట్ట ముద్ర. నాకు అది ఒక గుంట మాత్రమే. నేను దగ్గరికి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "అడుగు మీద అడుగు వెయ్యబాక అబ్బయ్యా, చెరిగిపోద్ది" అన్నాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గుంట అంచున మట్టి ఇంకా పదునుగా నిలబడి ఉంది, గాలికి కూలలేదు. గిట్ట కింద నలిగిన గడ్డిపరక ఒకటి సగం వంగి ఉంది, చూస్తుండగానే కొంచెం పైకి లేచింది. మంచు పడ్డాక పోయిన జంతువు ఇది, మంచు ముందు పోయినదైతే గుంటలో సన్నని చుక్కల పొర ఉండేది. ముందు రెండు పొదల నడుమ సాలెగూడు తెగి వేలాడుతోంది, మనిషి ఛాతీ ఎత్తున. కాబట్టి పెద్దది, కణితి. కొమ్ములున్న మగది, ఎందుకంటే పక్క చెట్టు బెరడు మీద కొత్తగా రాసుకున్న గీరలు ఉన్నాయి, పాలు ఇంకా కారుతున్నాయి. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాడు, అంతే. మాటలు నేను ఇప్పుడు పెడుతున్నాను.

దొర ఆ పక్కనే నిలబడి, నాన్న వైపు చూసి, "మన పనే" అన్నాడు. నాన్నకు అర్థమైంది. పరిగెత్తే ఇంజన్‌లో, అంత చప్పుడులో, ఏ బేరింగు వేడెక్కిందో చెవితో పట్టే మనుషులు వాళ్లు. తాత నేలను చదివే తీరూ అట్లాంటిదేనని వాళ్లకు తెలిసింది. నాకు తెలిసినంతలో ఆ రోజుల్లో తాతను తనతో సమానమైన పనివాడిగా చూసిన మనిషి ఆ డ్రైవరు ఒక్కడే. కానీ ఆ సమానం అడవిలో ఉన్నంతసేపే. దాని గురించి కూడా చెప్పాలి.

రాత్రిళ్లు నెగడు చుట్టూ కూర్చుంటే దొర ఆఫ్రికా కథలు మొదలుపెట్టేవాడు. ఆయన మేనమామ ఒకాయన కెన్యా, ఉగాండా రైల్వేలో పనిచేసి వచ్చాడు. ఆయన ఇచ్చిన పుస్తకాలు దొర లైన్ బాక్సు అడుగున ఉండేవి. 1896లో మొంబాసా నుంచి లోపలికి రైలుదారి వెయ్యడం మొదలుపెట్టి, దానికి మన దేశం నుంచి 30,000 మందికి పైగా కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. 1898లో త్సావో నది మీద వంతెన కడుతుంటే రెండు మగ సింహాలు, జూలు లేనివి, గుడారాల్లో పడుకున్న కూలీలను తొమ్మిది నెలల పాటు ఈడ్చుకుపోయాయి. పని ఆగిపోయింది. చివరికి ఆ డిసెంబరులో ప్యాటర్సన్ అనే ఇంజనీరు వాటిని కాల్చాడు. త్సావో పేరుతోనే ఆయన పుస్తకం 1907లో వచ్చింది. మంచెల గురించీ, ముళ్లకంచెల గురించీ దొర చెబుతుంటే మా వెనక చీకట్లో ఆకు కదిలినా ఉలిక్కిపడేవాణ్ని.

పెద్దయ్యాక ఆ పుస్తకం నేను సొంతంగా చదివాను. సింహాలు చంపిన భారతీయ కూలీలు 28 మంది అని ప్యాటర్సన్ లెక్క చెబుతాడు. ఆ పైన చనిపోయిన ఆఫ్రికా మనుషుల లెక్క ఎవరూ రాసిపెట్టలేదని కూడా ఆయనే అంటాడు. ఆ సింహాల చర్మాలు షికాగో ఫీల్డ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆ నేల మీద పుట్టి, సింహం ఎటు పోయిందో చెప్పగలిగిన మనుషులు ఎంతమంది చనిపోయారో ఏ కాగితంలోనూ లేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

దొరకు బాగా నచ్చిన కథ ఇంకోటి. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన రూజ్‌వెల్ట్ 1909లో వేటకని అదే రైలెక్కాడు. పెట్టెలో కూర్చోలేదు, ఇంజన్‌కు ముందు భాగంలో బల్ల వేయించుకుని, దాని మీద కూర్చుని జంతువుల గుంపులు చూస్తూ పోయాడు. "ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుని బండి నడిపిన డ్రైవరు ప్రాణం ఎట్లా కొట్టుకుని ఉంటుందో ఆలోచించు" అని నాన్న భుజం తట్టేవాడు. ఆ వేటలో గుడారాలు, ఉప్పు బస్తాలు, చర్మాలు మోయడానికి 200 మందికి పైగా కూలీలు నడిచారు. మా బిడారంలో మోసేవాళ్లు నాన్న, నేను, వియ్యంకుడి కొడుకు.

తాత ఈ కథలు వినేవాడు కాదు అనుకున్నాను. వినేవాడు. ఒక రాత్రి సింహం ఎంత ఉంటుంది, చెట్టెక్కుతుందా, మేకను ఎక్కడ పట్టుకుంటుంది, గొంతా మెడా, అని వరసగా అడిగాడు. దొర పుస్తకం తెరిచి వెతికి చెప్పాడు. తాత కాసేపు ఆలోచించి, అట్లయితే కంచె మీది నుంచి దూకి రాదు, కింద సందు చూసుకుంటది, కింద గట్టిగా బిగించాల్సింది అన్నాడు. ఆయన చూడని జంతువు, చూడని దేశం. నిజంగానే ఆ కూలీల కంచెల్లోకి సింహాలు సందు చేసుకుని దూరేవి. దొర పుస్తకం మూసి తాత వైపు అట్లాగే చూశాడు.

ఒక సాయంత్రం దొర కాల్చిన గుండు కణితికి వెనకగా తగిలింది. అది పడలేదు, లోయలోకి దిగిపోయింది. చీకటి పడుతోంది. దొరకు కొన్ని నియమాలు ఉండేవి. నీళ్ల దగ్గర మాటు వెయ్యకూడదు, ఆడదాన్ని కాల్చకూడదు, దెబ్బ తగిలిన జంతువును వదిలి బిడారానికి తిరిగి పోకూడదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. తెల్లారేసరికి బయల్దేరాం. రక్తపు చుక్క కనపడ్డ చోటల్లా తాత ఒక ఆకు తుంచి దాని మీద రాయి పెట్టేవాడు, తర్వాతి చుక్క దొరక్కపోతే వెనక్కి తిరిగి ఆ ఆకుల వరసను చూసి జంతువు ఎటు మళ్లుతోందో అంచనా వేసేవాడు. కొంత దూరం పోయాక రక్తం ఆగిపోయింది. ఇక బోర్లాపడ్డ రాళ్లే దిక్కు. అడుగున చెమ్మతో నల్లగా ఉన్న రాయి పైకి తిరిగి ఉంటే అది ఇప్పుడే తిరిగింది. అట్లా రాయి వెంట రాయి పట్టుకుని ఎండ నడినెత్తికి వచ్చేదాకా నడిపించాడు. ఒక మడుగు పక్క రెల్లులో పడి ఉంది కణితి, బతికే ఉంది. దాని ఊపిరికి రెల్లు కదలడం నాకు కనపడింది. దొర దగ్గరికి పోయి పని పూర్తి చేశాడు. ఎవరూ సంతోషంగా లేరు. తాత దాని కంటి మీద ఆకు కప్పాడు.

పంపకం దగ్గర నా మనసు ఇప్పటికీ కుదురుకోదు. కొమ్ములు, చర్మం దొరవి. తొడలు, వీపు భాగం రైల్వే వాళ్లవి. తల, కాళ్లు, పేగులు తాతవి. దానితో పాటు కూలి, బీడీకట్టలు. అదే పద్ధతి, ఎవరూ దాన్ని తప్పనుకోలేదు, తాత కూడా నోరెత్తలేదు. బిట్రగుంట తిరిగొచ్చాక ఆ కొమ్ములు చెక్కకు బిగించి దొరగారి వరండాలో పెట్టారు, కింద ఇత్తడి రేకు మీద తారీకు, ఆయన పేరు. ఆ కణితిని లోయలో వెతికి పట్టింది ఎవరు? బిడారానికి చోటు చూపింది ఎవరు? బస్సు దిగిన దగ్గర్నించి మళ్లీ బస్సెక్కేదాకా మా ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వేట కథ చెప్పినప్పుడు ఆయన్ని "మా యానాదివాడు" అనేవాళ్లు. దొర మంచివాడే, నేను ఆయన్ని ప్రేమించాను, కానీ ఆ ఇత్తడి రేకు మీద ఇంకో పేరుకు చోటుండింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. లైసెన్సులు ఆగిపోయాయి. కెన్యా కూడా 1977లో వేటను నిషేధించింది. మా బిడారాలు ఒక్కసారిగా కాక, ముందు నుంచే పలచబడుతూ వచ్చాయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటీ ఇంగ్లండుకు, తర్వాత ఆస్ట్రేలియాకు తరలిపోతున్నాయి. దొర రిటైరయ్యాక ఆయన పిల్లలతో పెర్త్ వెళ్లాడు. తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. 1980 ప్రాంతంలో మా లైనుకు కరెంటు తీగలు వచ్చాయి. ఆవిరి ఇంజన్లతో పాటు వాటిని నడిపిన చెవులూ, షెడ్డూ, కాలనీ సందడీ పోయాయి. నాన్న చివరి సంవత్సరాల్లో కరెంటు ఇంజన్ శిక్షణకు పోయి వచ్చి, "ఇందులో వినడానికి ఏమీ లేదు" అన్నాడు.

వేట ఆగడం మంచిదే. ఇందులో నాకు రెండో మాట లేదు. రెల్లులో ఆ ఊపిరి చూసినవాడిని, అది మళ్లీ కావాలని ఎట్లా అంటాను? 1960ల నాటికే వెలిగొండల్లో కణితులు పలచబడ్డాయి, కృష్ణజింకలు బయలు నేలల్లో కనపడటమే అరుదైంది. ఇంకో పదేళ్లు మావంటి బిడారాలు సాగి ఉంటే ఏమీ మిగిలేది కాదు. నా బాధ వేరే. చట్టం తుపాకి ఉన్నవాడి చేతిలోంచి తుపాకి తీసుకుంది, ఆయనకు పెన్షన్ ఉంది, పాస్‌పోర్టు ఉంది. తాత చేతిలోంచి అడవినే తీసుకుంది. ఆయన తెలివికి పనికొచ్చే ఇంకో కొలువు ఎవరూ చూపలేదు. అడవిని కాపాడాలంటే దాన్ని చదవగలిగిన మనుషులు కావాలి గదా. కాపలాకు మనుషుల్ని తీసుకునేటప్పుడు చదువు సర్టిఫికెట్ అడిగారు.

యానాదుల గురించి పట్టించుకున్నవాళ్లు మన జిల్లాలో లేకపోలేదు. వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా వాళ్ల కోసం పనిచేశారు, వాళ్ల మీద పుస్తకం రాశారు. ఆ పుస్తకం వచ్చింది 1962లో, అంటే మేము సీతారామపురం అడవిలో తాత వెనక నడుస్తున్న రోజుల్లో. నెల్లూరు జిల్లాలో యానాదుల దగ్గర నేర్చుకున్న పెద్దవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ దొర పక్షుల శాస్త్రంలో పేరుమోసినవాడు. తూర్పు కనుమల జంతువుల, పక్షుల సంగతులు ఆయన ఇక్కడి యానాదుల నుంచి తెలుసుకున్నాడు. మన నెల్లూరు, కడప కొండల్లో ఉండే కలివికోడికి లోకమంతా ఆయన పేరే పెట్టుకుంది.

ఆ కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప జిల్లాలో వెతుకుతున్నప్పుడు, సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె వైపు ఐతన్న అనే పల్లె వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలకు దొరకని పిట్ట ఆయన చేతికి దొరికింది. దాన్ని కాపాడడానికే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఐతన్న పేరు ఆ చరిత్రలో నిలిచింది, అది నాకు ఎంతో సంతోషం. మా తాత వంటివాళ్ల పేర్లు అట్లా నిలవాల్సినవి ఇంకా ఎన్నో ఉండాలి.

తూర్పు వైపు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 1990లలో మా తీరమంతా రొయ్యల గుంటలు వచ్చాయి. ఉప్పుకయ్యలు, బురద నేలలు, పరజలు దిగే కుంటలు చాలావరకు గుంటలైపోయాయి. సుప్రీంకోర్టు 1996లో తీరం అంచున గుంటలు వద్దని తీర్పు ఇచ్చేసరికే నేల రూపం మారిపోయింది. తాత మనవడు ఇప్పుడు అటువంటి గుంటల మీద రాత్రి కాపలా. గట్టు మీద రేకు షెడ్డు, సోలార్ దీపం, ఏరేటర్ల చప్పుడు. రొయ్యల కోసం దిగే నీటికాకుల్ని బెదరగొట్టడం అతని పనిలో భాగం.

పోయిన చలికాలం అతని దగ్గర కూర్చుని మాట్లాడాను. నీటికుక్కలు ఏ గట్టు మీదుగా వస్తాయో, అమావాస్య ముందా తర్వాతా, వాటి పెంటలో పీత పెంకులు ఎక్కువుంటే కాలువలో చేప తగ్గినట్టు ఎట్లా తెలుస్తుందో అతను చెప్పాడు. తాత దగ్గర నేర్చుకున్నావా అంటే, "తాత దగ్గర కాదు మామా, అవ్వ దగ్గర" అన్నాడు. అప్పటి నుంచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను, ఏ సంగతి ఎవరు చెప్పారో పేరుతో సహా, అతను సరిచూసి ఊ అన్నాకే. వెలిగొండ కింద వాళ్ల వియ్యంకుల తరపున అడవి తిరిగిన ముసలివాళ్లు ఇద్దరు ఇంకా ఉన్నారట. గుంటల్లో పట్టుబడి అయిపోయాక అతనికి నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. కావలి నుంచి ఉదయగిరి బస్సెక్కాలని అనుకున్నాం.